మ్యాన్‌హోల్ దిగేటోడి పేరు మీదనే కార్డు ఉండాలె

(పోయిన ఆదివారం మన సంఘం సమావేశంలో చేసిన ప్రసంగం ఇది. డ్యూటీ వల్ల రాలేని వాళ్ల కోసం దాదాపు మాట్లాడినట్టే రాసి పెడుతున్నం. చదువు రాని తోటివాళ్లుంటే రూములో చదివి వినిపించండి.)

నైట్ డ్యూటీ దిగి నిద్ర ఆపుకొని వచ్చినోళ్లు కూడా ఉన్నరు. అందుకే నేరుగ విషయానికి వస్త.

పోయిన నెల జగిత్యాల దిక్కు తమ్ముడు ఒకడు రాత్రి పదింటికి ఫోన్ చేసిండు. వాడు ఇక్కడికి బిల్డింగ్ క్లీనింగ్ పని మీద వచ్చిండు. "అన్నా, రేపటి నుంచి వేరే పనికి తీస్కపోతరంట. అపార్ట్‌మెంట్ల కాడ మ్యాన్‌హోల్ దిగి అడుగున బురద తీసుడు. రోజుకు యాభై రింగిట్లు ఎక్కువ ఇస్తరంట" అన్నడు. ట్రైనింగ్ ఇచ్చిన్రా, కార్డు ఉందా అని అడిగిన. "కార్డు ఇచ్చిన్రన్నా. కానీ దాని మీద నా పేరు లేదు. పోయిన ఏడు ఇంటికి పోయిన నేపాలీ ఆయనది. ఎవరన్నా అడిగితే దూరం నుంచి చూపెట్టు, ఫోటో ఎవరూ చూడరు అన్నడు సూపర్‌వైజర్."

నేను ఒక్కటే అడిగిన. "తమ్మీ, ఆ గుంతలకు దిగేది నువ్వా, కార్డు మీదున్న ఆయనా?" వాడు నవ్విండు. నాకు నవ్వు రాలేదు. ఎందుకు రాలేదో చెప్పాలంటే నా సంగతి ఒకటి చెప్పాలె.

నేను మలేసియాకు వచ్చిన కొత్తల, ఒక చిన్న కాంట్రాక్టర్ దగ్గర పని చేసిన. పేరు చెప్పను, ఆ కంపెనీ ఇప్పుడు లేదు కూడా. ఒక పంపు హౌస్ కాడ మురుగు గుంతల పంపుకు గుడ్డలు చుట్టుకున్నయ్, తీయాలె. మూత తీస్తే కుళ్లిన కోడిగుడ్డు వాసన గుప్పున కొట్టింది. ముక్కుకు తువ్వాల కట్టుకున్న. మాతోని ఒక నేపాలీ పెద్దాయన ఉండె. ఆయన బలవంతంగ నా నడుముకు, భుజాలకు బెల్టు వేసి తాడు పట్టుకున్నడు. నాకు కోపం వచ్చింది, పని అడ్డం వస్తదని. నిచ్చెన మీద సగం దిగినంక వాసన పోయింది. పూర్తిగ పోయింది. హమ్మయ్య, గాలి మంచిగైంది అనుకున్న. ఇంకో మూడు మెట్లు దిగిన. మోకాళ్లు మెత్తగైనయ్. ఆ తర్వాత నాకు గుర్తున్నది ఏందంటే, రోడ్డు మీద పండి ఉన్న, ఆ పెద్దాయన నన్ను చెంపల మీద కొడుతున్నడు.

ఆ వాసన ఎందుకు పోయిందో నాకు మూడేండ్ల తర్వాత ట్రైనింగ్‌ల తెలిసింది. గాలి మంచిగై కాదు, నా ముక్కు చచ్చిపోయి. ఆ గ్యాసు పేరు హైడ్రోజన్ సల్ఫైడ్. మురుగు నిలిచి కుళ్లిన ప్రతి చోటా పుడతది. చాలా తక్కువ ఉన్నప్పుడే వాసన వస్తది. 100 పీపీఎం దగ్గరకు వచ్చేసరికి ముక్కులో వాసన పట్టే నరం పని చేయదు. అంటే ప్రమాదం పెరిగేకొద్దీ వాసన తగ్గినట్టు అనిపిస్తది. 500 దాటితే నిమిషాల్లో స్పృహ పోతది. 700, 1000 అయితే ఒకటి రెండు శ్వాసలకే పడిపోతరు. ముక్కుకు తువ్వాల కడితే, సర్జికల్ మాస్కు పెడితే అది ఆగదు. దుమ్ము ఆగుతదేమో, గ్యాసు ఆగదు.

అది గాలి కంటే కొంచెం బరువు. అందుకే కింద పేరుకుంటది. మూత కాడ నిలబడి మంచిగనే ఉంది అనుకున్నోడు అడుగుకు పోయేసరికి వేరే లోకంల ఉంటడు. పైగా బురదను పారతో కదిపితే, అప్పటిదాక లోపల చిక్కుకున్న గ్యాసు ఒక్కసారి లేస్తది. దిగేటప్పుడు మీటర్ సున్నా చూపించింది కదా అని పది నిమిషాల తర్వాత మీటర్ పక్కన పెట్టినోళ్లు చచ్చిన్రు.

ఇంకో సంగతి. 2015 నవంబర్‌ల కేరళ కోజికోడ్‌ల జరిగింది. మన ఆంధ్రా నుంచి పోయిన ఇద్దరు కూలీలు మ్యాన్‌హోల్‌ల పడి ఊపిరాడక చిక్కుకున్నరు. ఆ దారిలో ఉన్న ఒక ఆటో డ్రైవర్ చూసి, ఊరుకోలేక, వాళ్లను తీయనీకి దిగిండు. ఆయన వాళ్ల చుట్టం కాదు, భాష కూడా ఒకటి కాదు. ముగ్గురూ చనిపోయిన్రు. ఆ ఆటో డ్రైవర్ మంచితనం గురించి కేరళ అంతా మాట్లాడింది, మాట్లాడాలె కూడా. కానీ మన పనిల ఉన్నోళ్లు దాన్ని ఇంకో తీరుగ కూడా చూడాలె. అమెరికాల చేసిన ఒక పాత లెక్క ప్రకారం, ఇట్లాంటి మూసుకున్న జాగల చనిపోయినోళ్లల్ల సగం కంటే ఎక్కువ మంది కాపాడబోయి పోయినోళ్లే. అన్న పడిపోతే తమ్ముడు దుంకుతడు. తమ్ముని కోసం బావ దుంకుతడు. మనోళ్లం ఒకే ఊరోళ్లం ఒకే గ్యాంగ్‌ల పని చేస్తం, అందుకే మనకు ఈ భయం ఇంకా ఎక్కువ.

కార్డు అంటే ఏందో ఇప్పుడు చెప్త. కార్డు గేటు కాడ చూపెట్టే గుర్తింపు కాగితం కాదు. పైన ఎవరు ఉండాలె, కింద ఎవరు ఉండాలె, ఎవరు ఏం చేయొద్దు అనేది నేర్పినట్టు సాక్ష్యం.

ఇక్కడ మలేసియాల ఈ పనులు చూసే సర్కారు శాఖ జె.కె.కె.పి., ఇంగ్లీషుల డోష్ అంటరు. వాళ్లు 2010ల మూసుకున్న జాగల పనికి ఒక కోడ్ తెచ్చిన్రు. మలయ్‌ల ఆ జాగను "రువాంగ్ తెర్కురుంగ్" అంటరు. ఆ మాట బోర్డు మీద కనపడితే ఆగాలె. మ్యాన్‌హోల్, మురుగు పంపు గుంత, సెప్టిక్ ట్యాంకు, నీళ్ల ట్యాంకు, పెద్ద పైపు, అన్నీ అందులోకే వస్తయ్. ఆ కోడ్ ప్రకారం నలుగురి పాత్రలు ఉంటయ్. కిందికి దిగేటోడు, అంటే ఎంట్రెంట్. మూత కాడ నిలబడేటోడు, స్టాండ్‌బై. గ్యాసు చూసేటోడు, గ్యాస్ టెస్టర్. పర్మిట్ మీద సంతకం పెట్టి దించేటోడు, ఎంట్రీ సూపర్‌వైజర్.

ట్రైనింగ్‌లు రెండు. మొదటిది దిగేటోడికి, మూత కాడ నిలబడేటోడికి కలిపి. దాన్ని ఏ.ఈ.ఎస్.పి. అంటరు. మన కూలీలకు కావల్సింది ఇదే. రెండోది గ్యాస్ టెస్టర్‌కు, ఎంట్రీ సూపర్‌వైజర్‌కు కలిపి, ఏ.జి.టి.ఇ.ఎస్. అంటరు. నియోష్ అనే సంస్థ ఇప్పించే ఈ ట్రైనింగ్‌లల్ల పాఠం ఉంటది, రాత పరీక్ష ఉంటది, బెల్టు తాడు కట్టుకొని చేసి చూపే పరీక్ష ఉంటది. గుండె జబ్బు, మూర్ఛ, ఆయాసం, మూసిన జాగ అంటే భయం ఉన్నోళ్లు దిగొద్దు. అందుకే ముందు డాక్టర్ పరీక్ష అడుగుతరు. దాన్ని దాచి కార్డు తెచ్చుకోకండి, కింద పడిపోయేది మీరే. కార్డు రెండేండ్లు పని చేస్తది. తర్వాత మళ్లీ కొత్తది చేయించుకోవాలె. తేదీ చూసుకోండి. నా కార్డు తేదీ దాటి నెల అయినంక ఒకసారి నేనే గమనించిన, సిగ్గు పడిన.

స్టాండ్‌బై గురించి కొంచెం ఎక్కువ చెప్త, ఎందుకంటే మనోళ్లు దాన్ని తేలిక పని అనుకుంటరు. ఎండల గొడుగు కింద కూసునే పని అని ఫోన్ చూసుకుంట కూసుంటరు. స్టాండ్‌బై పని నాలుగు ముక్కల్ల చెప్పొచ్చు. లోపల ఎంతమంది ఉన్నరో లెక్క తెల్సి ఉండాలె. వాళ్లతో మాట ఆగొద్దు, మాట వినపడకపోతే తాడు గుంజి గుర్తు అడగాలె. మీటర్ మోగినా, పైన లారీ పొగ లోపలికి పోతున్నా, వాన మొదలైనా "కెలువార్" అని అరిచి పైకి రమ్మనాలె. ఆఖరిది అన్నిటికంటే కష్టం: ఏం జరిగినా తను లోపలికి దిగొద్దు. సొంత తమ్ముడు కింద పడ్డా దిగొద్దు. మూడు కాళ్ల స్టాండుకు ఉన్న చక్రం తిప్పి పైకి లాగాలె, 999కి ఫోన్ చేసి బొంబాను, అంటే ఫైర్ సర్వీసును పిలవాలె. నన్ను కాపాడిన నేపాలీ పెద్దాయన అదే చేసిండు. ఆయన దిగి ఉంటే ఈ రోజు నేనూ లేను, ఆయనా లేడు. ఆయనకు అప్పుడు ఏ కార్డూ లేదు, నిజమే. కానీ ఆయన ముందు పనిల ఒకణ్ణి పోగొట్టుకున్నడు. ఆ పాఠానికి అంత ఖర్చు పెట్టకుండ నేర్చుకునేటందుకే ట్రైనింగ్.

గ్యాస్ మీటర్ నాలుగు అంకెలు చూపిస్తది. మీటర్ పట్టుకునేది మీరు కాకపోయినా ఆ అంకెలు మీకు తెల్వాలె. ఆక్సిజన్ మామూలు గాలిలో 20.9 శాతం. 19.5 కంటే తక్కువైతే దిగొద్దు, 23.5 కంటే ఎక్కువైనా దిగొద్దు. ఎక్కువుంటే మంచిదే కదా అనకండి, నిప్పు రవ్వ పడితే బట్టలు భగ్గుమంటయ్. అందుకే లోపలికి గాలి పంపాలె గానీ ఆక్సిజన్ సిలిండర్ వదలొద్దు. రెండోది మండే గ్యాసు, మురుగుల ఎక్కువగ మీథేన్. అది గాలిలో 5 శాతం చేరితే అంటుకుంటది. మీటర్ ఆ 5 శాతాన్ని నూరు అనుకొని లెక్క చూపిస్తది. దాని మీద 10 వచ్చిందంటే ఆగాలె. హైడ్రోజన్ సల్ఫైడ్ 10 పీపీఎం, కార్బన్ మోనాక్సైడ్ 25 పీపీఎం, వీటికి చేరినా ఆగాలె. మూత కాడ ఒక్కసారి చూసి చాలనొద్దు. పైన, నడుమ, అడుగున మూడు చోట్ల చూడాలె. మీథేన్ పైకి పోతది, హైడ్రోజన్ సల్ఫైడ్ కిందికి పోతది కదా. మనిషి లోపల ఉన్నంత సేపు మీటర్ ఆయన మీదనే ఉండాలె. ఊళ్లల్ల బావి దిగేముందు దీపం దించి చూసేటోళ్లు. మురుగు గుంతల ఆ పని చేస్తే మీథేన్ పేలుతది. అగ్గిపుల్ల, సిగరెట్ దగ్గరికి రానీయొద్దు.

అసలు మనిషి దిగాల్నా అనేది మొదటి ప్రశ్న కావాలె. నీళ్ల జెట్ బండి, పీల్చే ట్యాంకర్ ఉన్నప్పుడు చాలా పనులు పైనుంచే అయిపోతయ్. బండి కిరాయి మిగలాలని మనిషిని దించేటోళ్లు ఉన్నరు.

ఇప్పుడు చట్టం ఏం చెప్తదో వినండి. ఇక్కడి పని భద్రత చట్టం 1994ది. దాన్ని 2022ల మార్చిన్రు, ఆ మార్పులు 2024 జూన్ 1 నుంచి అమల్లోకి వచ్చినయ్. అందులో మూడు సెక్షన్లు మనకు పనికొస్తయ్. సెక్షన్ 26: ఈ చట్టం కింద యజమాని చేయాల్సిన దేనికీ కూలీ దగ్గర పైసలు వసూలు చేయొద్దు. ట్రైనింగ్ ఇచ్చుడు యజమాని బాధ్యతనే. అంటే పని కోసం కావల్సిన ట్రైనింగ్ ఫీజు, బెల్టు పైసలు జీతంల కోస్త అంటే చెల్లదు. సెక్షన్ 26ఏ కొత్తగ వచ్చింది: ప్రాణానికి అప్పటికప్పుడు ప్రమాదం ఉందని నమ్మనీకి సరైన కారణం ఉంటే, ముందు యజమానికో సూపర్‌వైజర్‌కో చెప్పాలె. వాళ్లు దాన్ని తీసేయకపోతే అక్కడి నుంచి పక్కకు జరిగే హక్కు మీకుంది. అందుకు మిమ్మల్ని శిక్షించొద్దు. వరుస గుర్తుపెట్టుకోండి, చెప్పకుండ మాయమైపోతే అది వేరే లెక్క అయితది. సెక్షన్ 27: భద్రత గురించి ఫిర్యాదు చేసిండని పనిల నుంచి తీయొద్దు, వేధించొద్దు.

చట్టం కాగితం మీద ఉన్నంత మంచిగ సైట్ల ఉండదు. నేను మీకు అబద్ధం చెప్పను. మన జగిత్యాల తమ్ముడు పొద్దుగాల పోయి, "నా పేరు మీద కార్డు లేదు, మీటర్ లేదు, నేను దిగను, వేరే పని చెప్పండి" అన్నడు. రెండు రోజులు రూముల కూసోబెట్టిన్రు. మూడో రోజు పాత క్లీనింగ్ పనికే పంపిన్రు. ఆ యాభై రింగిట్లు పోయినయ్, రెండు రోజుల జీతం గురించి మన కార్యకర్తలు ఇంకా మాట్లాడుతున్నరు. ట్రైనింగ్‌కు పంపిస్తమన్నరు, ఇప్పటికైతే పంపలేదు. వాడు ఇక్కడనే ఉన్నడు, వెనక వరుసల. సిగ్గుపడుతున్నడు, పేరు చెప్పను.

వేరేటోళ్ల కార్డుతో దిగితే ఏమైతది అని వాడు అడిగిండు. ఏం కాకపోతే ఏం కాదు. ఏమన్నా అయితే, పర్మిట్ కాగితం మీద దిగింది ఇంకో మనిషి. మీరు ఆ రోజు ఆ గుంత కాడ ఉన్నట్టే కాగితం చెప్పదు. 2019 జనవరి 1 నుంచి విదేశీ కూలీలకు కూడా పెర్కెసో, అంటే సొక్సో కింద పని ప్రమాద బీమా ఉంది. అది యజమాని కట్టాలె, మన జీతంల నుంచి కాదు. ఆ పైసలు ఇంటికి రావాలంటే పని మీద ఉండి ప్రమాదం జరిగిందని చూపాలె. మీ ఇంటామె ఊళ్లె కూసోని అది ఎట్ల చూపాలె? అందుకే పర్మిట్ మీద మీ పేరు, పాస్‌పోర్టుల ఉన్నట్టు, ఉందో లేదో చూసి ఫోటో తీసి ఎవరికన్నా పంపి దిగండి. మా రూములో మేం అది అలవాటు చేసుకున్నం.

చదువుకున్న తమ్ముళ్లకు ఇంకో మాట. మురుగు శుద్ధి ప్లాంటు నడిపించుడు వేరే పని, దానికి వేరే సర్టిఫికెట్. 2009 డిసెంబర్‌ల వచ్చిన మురుగు నియమాల ప్రకారం, ఆ నియమాలు వర్తించే ప్లాంటును పర్యావరణ శాఖ సర్టిఫికెట్ ఇచ్చిన మనిషి చూసుకోవాలె. ఆ శాఖ కింద ఐమాస్ అనే సంస్థ కోర్సు, పరీక్ష పెడతది. ప్లాంటుల చేసిన పని మీద రిపోర్టు కూడా రాయాలె. అది డిప్లొమా, డిగ్రీ చదివినోళ్లకు సులువు, మనలాంటోళ్లకు కష్టమే. కానీ ఆయన కింద పని చేసేటప్పుడు రోజు పుస్తకం రాసుడు నేర్చుకోండి. ఏ బ్లోయర్ ఎన్ని గంటలు నడిచింది, గాలి తొట్టిల ఆక్సిజన్ ఎంత, బురద ఎప్పుడు తీసిన్రు. నేను తొమ్మిదో తరగతి ఫెయిల్. పుస్తకం మంచిగ రాస్తుండని నన్ను గ్యాస్ టెస్టర్ ట్రైనింగ్‌కు పంపిన్రు. ఇంటికి పోయినా పనికొస్తది. హైదరాబాద్‌ల పెద్ద అపార్ట్‌మెంట్లకు సొంత శుద్ధి ప్లాంట్లు ఉన్నయ్, అవి తెల్సినోళ్లు కావాలె.

ఇంటి మాట వచ్చింది కాబట్టి ఇది కూడా. మన దేశంల 2013 చట్టం ప్రకారం రక్షణ లేకుండ మనిషిని మురుగు కాలువల, సెప్టిక్ ట్యాంకుల దించుడు నేరం. 2023 అక్టోబర్‌ల సుప్రీం కోర్టు, మురుగు పనిల చనిపోయినోళ్ల కుటుంబానికి 30 లక్షలు ఇయ్యాలని చెప్పింది. మీ ఊళ్లె ఎవరన్నా సెప్టిక్ ట్యాంకు కడగనీకి పిలగాండ్లను దించుతుంటే ఫోన్‌ల అయినా ఆపండి.

(తర్వాత అడిగిన ప్రశ్నలల్ల కొన్ని.)

కార్డు కంపెనీ దగ్గర పెట్టుకుంటదంట, ఇయ్యదంట. ఏం చేయాలె?

పాస్‌పోర్టు తీసి పెట్టుకునుడు ఇక్కడ నేరం, 1966 పాస్‌పోర్టు చట్టం కింద. కార్డు విషయంల గొడవ పడేముందు, ట్రైనింగ్ అయిన రోజే రెండు దిక్కుల ఫోటో తీసుకోండి. నంబర్, తేదీ ఉంటే తర్వాత అడగొచ్చు.

నాకు మలయ్ రాదు, ఇంగ్లీష్ రాదు. పరీక్ష ఎట్ల రాయాలె?

పాఠం మలయ్‌లనో ఇంగ్లీషులనో ఉంటది. నేను కూడా మొదట భయపడ్డ. ఇరవై ముప్పై మాటలు నేర్చుకుంటే సగం పని అయితది. బహాయా అంటే ప్రమాదం, మాసుక్ అంటే లోపలికి పోవుడు, కెలువార్ అంటే బయటికి రావుడు, తుంగ్గు అంటే ఆగు, తోలోంగ్ అంటే సాయం. వచ్చే ఆదివారం నుంచి పొద్దున పదింటికి ఇక్కడనే ఈ మాటలు, మీటర్ అంకెలు ఒక గంట చెప్త. నోటుబుక్కు తెచ్చుకోండి.

పర్మిట్ వేరే కంపెనీ పేరు మీద ఉంది, పని వేరే కాడ చేస్తున్న.

ఇది అందరి ముందు మాట్లాడేది కాదన్నా. పర్మిట్ ఒక కంపెనీకే కట్టి ఉంటది. మీటింగ్ అయినంక నాతోని, మన కార్యకర్తతోని కూసోండి. కానీ పర్మిట్ సరిగ లేదని భయపడి గుంతల దిగకండి, వాళ్లు పట్టుకునేది ఆ భయాన్నే.

మూత తీసి పావుగంట ఆగితే గ్యాసు పోతది అంటడు మా ఫోర్‌మన్.

పైది కొంచెం పోతది. అడుగుది అట్లనే ఉంటది. బ్లోయర్ పెట్టి, గొట్టం అడుగుదాక దించి గాలి కొట్టాలె. తర్వాత మీటర్‌కు తాడు కట్టి దించి చూడాలె. ఆ మీటర్ మీద కాలిబ్రేషన్ స్టిక్కర్ తేదీ కూడా చూడండి. ఫోర్‌మన్‌కు ఎదురు చెప్పలేకపోతే ఒక్కటే అడగండి: "బాస్, పర్మిట్ ఏది? రీడింగ్ ఎంత?" కాగితం తీయనీకి లోపలికి పోతే తిరిగి వచ్చేదాక మూత కాడ కూసోకండి, దూరంగ జరిగి నిలబడండి.